రైఫిల్ ముట్టుకోనన్న పొరుగాయన

ప్రశ్న: అమ్మా, మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. అమెరికా వచ్చి పదకొండేళ్లయింది. మా వారిది హెచ్1బీ వీసా, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాం. మా పక్కింటాయనకు అరవై ఏళ్లుంటాయి. గాలివానకు మా కంచె పడిపోతే అడగకుండానే వచ్చి నిలబెట్టిన మనిషి. మేము ఇండియా వెళ్లినప్పుడల్లా ఇంటి తాళంచెవి ఆయనకే ఇచ్చి వెళ్తాం. ఏటా అక్టోబరులో విల్లు పట్టుకుని జింకల వేటకు వెళ్తుంటారు. మా అబ్బాయికి పదిహేనేళ్లు. రెండేళ్లుగా వాడు ఆయన దగ్గర విలువిద్య నేర్చుకుంటున్నాడు. వాడి మోజు చూసి మా వారు కూడా వేటగాళ్ల శిక్షణ కోర్సు పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని, కిందటేడు ఒక రైఫిల్ కొన్నారు.

ఈసారి పక్కింటాయనకు భుజం నొప్పి పట్టుకుంది, విల్లు లాగలేకపోతున్నారు. మా వారు రైఫిల్ పెట్టె పట్టుకెళ్లి, "ఈ ఏడాదికి ఇది తీసుకెళ్లండి" అన్నారు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, "దాన్ని లోపల పెట్టేయండి, నేను ముట్టుకోకూడదు" అన్నారు. అప్పుడు అసలు సంగతి చెప్పారు. ఇరవై రెండేళ్ల వయసులో స్నేహితులతో కలిసి రాత్రిపూట ఒక దుకాణం తాళం పగలగొట్టారట. నాలుగేళ్లు జైల్లో ఉన్నారట.

అప్పటినుంచి మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. "ఎప్పటి మాటో అది, ఇప్పుడు రైఫిల్ ఇస్తే కొంప మునుగుతుందా" అంటారు మా వారు. "జైలుకు వెళ్లొచ్చినవాడికి వేట లైసెన్సు ఎవరిచ్చారు? పిల్లవాణ్ని తీసుకెళ్లి ఆయన చేతిలో పెడతావా అక్కా" అంటాడు మా తమ్ముడు. అసలు ఇలాంటివాళ్లను వేటకు రానివ్వాలా? మా వాణ్ని పంపనా, మాన్పించనా?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మనిషి మీ వారు. పక్కింటాయన గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ రైఫిల్ సంగతి తేలాలి.

అమెరికాలో 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం ఒకటుంది. ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరంలో దోషిగా తేలినవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అది చెబుతుంది. ఇక్కడ ఫెలనీ అని వాడుకలో అంటున్నది దాదాపుగా దీన్నే. నిజంగా ఎన్నాళ్లు జైల్లో ఉన్నారన్నది లెక్క కాదు, ఎంత శిక్ష పడే అవకాశం ఉండేదన్నదే లెక్క. వ్యాపార నిబంధనలు మీరిన కొన్ని నేరాలను మాత్రం మినహాయించారు. క్షమాభిక్ష దొరికినా, కోర్టు ఆ శిక్షను కొట్టేసినా బయటపడతారు. మిగతావాళ్లకు గడువంటూ లేదు. ముప్పై ఏళ్లు గడిచినా నిషేధం నిషేధమే.

అదే చట్టం ఇంకో మాట కూడా అంటుంది. అలాంటి వ్యక్తి అని తెలిసీ తుపాకి అప్పగించినవాడు కూడా నేరస్థుడే. 2022లో సవరించాక ఈ రెండింటికీ గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. "తెలిసీ" అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగండి. మీ వారు పెట్టె పట్టుకెళ్లినప్పుడు ఆయనకు ఏమీ తెలియదు, కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు తెలుసు. మీకూ తెలుసు. ఆ ఉత్తరం నాకు రాసేశారు కాబట్టి తెలియదనడానికి దారి కూడా మిగల్లేదు! అంత తెలిశాక "కొంప మునుగుతుందా" అని అడిగితే, మునుగుతుంది అనే నా సమాధానం. జైలు సంగతి అలా ఉంచండి, తుపాకి నేరంలో దోషిగా తేలిన విదేశీయుణ్ని దేశం నుంచి పంపేయడానికి వలస చట్టంలో విడిగా ఒక నిబంధనే ఉంది. పదకొండేళ్లుగా వరుసలో నిలబడ్డవాళ్లు ఒక శనివారపు మంచితనం కోసం ఆ వరుసలోంచి బయటకు రావడం నాకు ఊహించుకోవడానికే బాధగా ఉంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు పెద్దలు. పోయిందో లేదో గానీ, ఆయన చెప్పబట్టి మీ వారు బతికిపోయారు. ఎవరూ చూడని చోట, ఎదుటివాడు చేతికందిస్తున్నప్పుడు, చేతులు జేబుల్లో పెట్టుకుని వెనక్కి జరగడం అంత తేలిక కాదు. పొరుగువాళ్ల ముందు పరువు పోతుందని తెలిసి కూడా ఆయన ఆ పని చేశారు. రైఫిల్ తీసుకుని "థాంక్యూ" అని ఉంటే మీకెవరికీ ఏమీ తెలిసేది కాదు.

ఆయన తప్పుకున్నది ఆ ఒక్క రైఫిల్ నుంచే అనుకోకండి. ఈ చట్టం కింద చేత్తో పట్టుకోవడం ఒక్కటే నేరం కాదు. తుపాకి ఎక్కడుందో తెలిసి, కావాలనుకుంటే దాన్ని తన అధీనంలోకి తెచ్చుకునే వీలు, ఉద్దేశం ఉన్నాయని రుజువైతే, ముట్టుకోకపోయినా దగ్గర ఉంచుకున్నట్టే లెక్కిస్తాయి కోర్టులు. తూటాల విషయం ఇంకా దారుణం. టెనెస్సీలో ఒకాయన సొరుగులో ఏడు షాట్‌గన్ తూటాలు దొరికాయి, తుపాకి మాత్రం లేదు. పాత నేరాలు చాలానే ఉన్న మనిషి, దొంగతనం కేసులో సోదా చేస్తుంటే అవి బయటపడ్డాయి. ఆ ఏడు తూటాలకు పడింది 15 ఏళ్లు. 2014లో అప్పీలు కోర్టు కూడా ఆ శిక్షను ఖాయం చేసింది. వేటకు వెళ్లినప్పుడు చలిగా ఉందని ఎవరో కోటు ఇస్తారు, దాని జేబులో ఒక తూటా మిగిలి ఉంటుంది. మీ పొరుగాయన లాంటివాళ్లు ఎవరి కోటైనా వేసుకునేముందు జేబులు తడిమి చూసుకుంటారు. మనం తాళంచెవుల కోసం తడుముకుంటాం, వాళ్లు దీనికోసం తడుముకుంటారు.

ఇప్పుడు మీ తాళంచెవి దగ్గరికి వద్దాం. మీరు ఊరెళ్తూ ఆయనకు చెవి ఇస్తున్నారు. లోపల రైఫిల్ ఉంది. అది బట్టల అలమరలోనో మంచం కిందో ఉంటే, మొక్కలకు నీళ్లు పోయడానికి వచ్చిన మనిషిని తెలియకుండానే ఇరకాటంలో పెడుతున్నారన్నమాట. ఒక ఇనుప పెట్టె కొని, అందులో రైఫిల్, తూటాలు పెట్టి, తాళం మీ దంపతుల దగ్గరే ఉంచుకోండి. మీ అబ్బాయి కోసమైనా ఆ పని చేయాల్సిందే. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా, తూటాలు నింపిన తుపాకిని నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సాస్‌లో నేరం.

ఇంకో సంగతి మీ వారికి ఎవరైనా చెప్పారో లేదో. వలస వీసా కాని వీసాల మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్1బీలు, ఎఫ్1లు, వాళ్ల కుటుంబాలు, ఇదే ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం ప్రకారం తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. నిషేధితుల జాబితాలో పక్కింటాయనది ఒక గీత అయితే మీ వారిది దాని కింద నాలుగో గీత. మరి రైఫిల్ ఎలా కొన్నారు? చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదని ఒక మినహాయింపు ఉంది. మీ వారి రైఫిల్ ఆ కాగితం ముక్క మీద నిలబడి ఉంది. టెక్సాస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగిసిపోతుంది. మర్చిపోయి సెప్టెంబరు ఒకటో తారీఖున కొత్తది తీసుకోకపోతే, ఇంట్లో ఉన్న ఆ రైఫిల్ చట్టవిరుద్ధమవుతుంది. ఒక్కసారి వలస వ్యవహారాలు చూసే లాయరు దగ్గర కూర్చుని ఈ సంగతంతా మాట్లాడుకోండి. నా మాట మీద ఆధారపడవద్దు, నేను లాయర్ని కాను.

ఇందులో ఒక తమాషా ఉంది చూడండి. నిన్న గాక మొన్న వచ్చిన పరాయి దేశస్థుడికి వేట లైసెన్సు తుపాకికి దారి తీస్తుంది. ఇక్కడే పుట్టి, శిక్ష ఎప్పుడో పూర్తి చేసుకున్నవాడికి అదే లైసెన్సు ఆ దారి తెరవదు. టెక్సాస్‌లో శిక్షాకాలం పూర్తయితే ఓటు తిరిగి వస్తుంది. అంటే ఆ ఊరి పోలీసు పెద్దగా, షెరీఫ్‌గా ఎవరుండాలో ఓటుతో చెప్పవచ్చు గానీ, ఆ షెరీఫ్ ఊళ్లో జింకను రైఫిల్‌తో కొట్టకూడదు.

ఇక మీ తమ్ముడి ప్రశ్న. లైసెన్సు ఎవరిచ్చారు? రాష్ట్రమే ఇచ్చింది, తప్పేమీ చేయలేదు. నిషేధం తుపాకి మీద, వేట మీద కాదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే వాదనంతా తప్పుదారి పడుతోంది. టెక్సాస్ ఉద్యానవనాలు, వన్యప్రాణుల శాఖ నియమాల్లోనే ఫెలనీ పడ్డవాళ్లు విల్లుబాణాలతో వేటాడవచ్చని ఉంది. 2015లో అక్కడి ఓటర్లు వేటాడే హక్కును రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కించారు, అందులో సంప్రదాయ పద్ధతుల ప్రస్తావన కూడా ఉంది. విల్లు కంటే సంప్రదాయమైంది ఇంకేముంటుంది?

విల్లు ఒక్కటే కాదు. గొట్టం మూతిలోంచి తుపాకి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకి ఉంది కదా, అది ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకే కాదు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి, వాటి నకళ్లు, మామూలు తూటాతో పేలనివి "పురాతన ఆయుధాలు" అన్న లెక్కలోకి పోతాయి. టెక్సాస్ శిక్షాస్మృతి కూడా దాదాపు అదే మాట చెబుతుంది. నాకైతే ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. మన ఏజెన్సీలో నాటు తుపాకి అంటామే, సరిగ్గా అదే పద్ధతి. అక్కడ అది దొరికితే పోలీసులు పట్టుకుపోతారు, ఇక్కడ తుపాకి నిషేధమున్న వాడికి అదొక్కటే దక్కుతుంది. ఫ్లోరిడాలో ఫెలనీ పడ్డ ఒకాయన ఇలాంటి తుపాకితో వేటాడుతుంటే వన్యప్రాణి అధికారి పట్టుకున్నాడు. దాని మీద కొత్తరకం దుర్బీను బిగించి ఉంది. దుర్బీను ఉంటే అది పాతకాలపుదెలా అవుతుందని ప్రభుత్వ వాదన. పేలే పద్ధతి ముఖ్యం, పైన ఏం బిగించారన్నది కాదని 2016లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఇది అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల రాష్ట్ర చట్టం వీటిని కూడా తుపాకిగానే చూస్తుంది. పైగా ఇప్పుడు దుకాణాల్లో అమ్మే వాటిలో కొన్ని గొట్టం మారిస్తే మామూలు తూటా పేల్చే రకాలు, అవి పురాతనం కిందికి రావు. అందుకే మీ వారు ఉత్సాహపడి అలాంటిదొకటి ఆయనకు కొని ఇవ్వడానికి బయల్దేరకుండా చూడండి.

టెక్సాస్‌లో ఇంకో బురద గుంట ఉంది. రాష్ట్ర చట్టం ప్రకారం జైలు నుంచో పర్యవేక్షణ నుంచో విడుదలైన ఐదేళ్ల తర్వాత సొంత ఇంట్లో తుపాకి ఉంచుకోవచ్చు. ఆ మాట ఎవరో చెప్పగా విని, ఫెడరల్ చట్టం ఒప్పుకోదని తెలియక ఇరుక్కున్నవాళ్లు ఉంటారు. మీ పొరుగాయన ఆ గుంటలో కాలు పెట్టలేదు. విడుదలై ముప్పై నాలుగేళ్లయినా రైఫిల్ ముట్టుకోకపోవడం ఊరికే రాలేదు, ఆయన చట్టం చదువుకున్నాడు.

సరే, చట్టం ఎలా ఉందో చూశాం. ఎలా ఉండాలి? మీరు అడిగిన ఆ మాటకు నా అభిప్రాయం దాచుకోను.

పెన్సిల్వేనియాలో ఒకాయన కథ చెబుతాను. 1995లో ముగ్గురు పిల్లలున్న సంసారం, గంటకు తొమ్మిది, తొమ్మిదిన్నర డాలర్ల కూలి. పేదలకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల దరఖాస్తులో ఆదాయం పూర్తిగా చూపించలేదు. తప్పు ఒప్పుకున్నాడు. 2,458 డాలర్లు తిరిగి కట్టమన్నారు, జైలుకు బదులు మూడేళ్ల ప్రొబేషన్, అంటే పర్యవేక్షణ వేశారు. ఒక్క రోజు కూడా జైల్లో లేడు. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లు కాబట్టి, కాగితం మీద అది ఫెలనీ కాకపోయినా జీవితాంతం తుపాకి నిషేధం పడింది. పాపం ఆయనకు ఆ సంగతే తెలియదు. 1998లో తుపాకి కొనబోతే, కొనేవాళ్ల నేరచరిత్ర సరిచూసే కంప్యూటర్ కాదంది. ఏదో పొరపాటు జరిగి ఉంటుందనుకుని భార్య ఆయనకు జింకల వేట రైఫిల్ ఇచ్చింది. ఏళ్ల తర్వాత మళ్లీ కొనబోతే మళ్లీ కాదంది. అప్పుడు కూర్చుని వెతికి కారణం తెలుసుకుని, ఉన్న రైఫిల్‌ను దుకాణదారుకు అమ్మేసి, కోర్టుకెక్కాడు. 2023లో మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు మళ్లీ చూడమంటే, 2024 డిసెంబరులో మళ్లీ ఆయనే గెలిచాడు. అయితే మిగతా చాలా అప్పీలు కోర్టులు ఈ దారి పట్టలేదు. నేరస్థులకు తుపాకులు నిషేధించడం మొదటినుంచీ ఉన్నదేనని, ఒక్కొక్కరినీ విడదీసి చూడటం తమ పని కాదని అంటున్నాయి.

ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న ఏమీ కోనీ బారెట్ 2019లో అప్పీలు కోర్టు న్యాయమూర్తిగా ఉన్నప్పుడు ఇలాంటి కేసే వచ్చింది. బూట్లలో వేసే వైద్యపు మెత్తల పేరుతో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌ను మోసం చేసిన వ్యాపారి అడిగిన హక్కు అది. బెంచిలో మిగతా ఇద్దరూ కాదన్నారు. ఆమె ఒక్కతే విడిగా రాసింది. ప్రమాదకరమైన మనుషుల నుంచి ఆయుధాలు తీసేసుకునే అధికారం చట్టసభకు ఉంది గానీ, ఫెలనీ పడింది కాబట్టి ప్రమాదకరమైనవాడే అని లెక్కగట్టడం కుదరదని ఆమె వాదన. ఆమెతో నాకు చాలా విషయాల్లో పడదు. ఈ ఒక్కదానిలో పడుతుంది.

అవతలి వాదన కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. వేటగాళ్లను తనిఖీ చేసే అధికారి, గేమ్ వార్డెన్ ఉద్యోగం ఊహించండి. తెల్లవారుజామున, ఒక్కడే, సహాయం రావడానికి చాలాసేపు పట్టే చోట, ఎదురయ్యే ప్రతి మనిషి చేతిలోనూ ఆయుధం ఉంటుంది. "లైసెన్సు చూపించండి" అనడానికి దగ్గరికి నడిచి వెళ్లాలి. ఆ మనిషి గతం ఎలాంటిదో అతనికి ఏం తెలుస్తుంది? ఇంకొకటి, ఎవరు మారారో ఎవరు మారలేదో తేల్చడం కష్టం. నిషేధం ఎత్తేయమని దరఖాస్తు పెట్టుకునే వీలు ఆ చట్టంలోనే ఉండేది, తుపాకుల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ సంస్థ విచారించి నిర్ణయించేది. ఒక్కొక్కరి చరిత్ర తవ్వడానికి ఉద్యోగుల సమయమంతా పోతోందని, ఒక్క పొరపాటు జరిగినా ప్రాణాల మీదికి వస్తుందని, 1992 నుంచి ఆ పనికి డబ్బు ఇవ్వడమే మానేసింది కాంగ్రెస్. చట్టంలో తలుపు ఉంది, గడియ వేసి ఉంది, తీసే మనిషికి జీతం లేదు. 2025 మార్చిలో న్యాయశాఖ ఆ అధికారాన్ని ఏటీఎఫ్ నుంచి అటార్నీ జనరల్ కార్యాలయానికి మార్చి, తలుపు మళ్లీ తీసే పని మొదలుపెట్టింది. మీ పొరుగాయనకు అంత ఆసక్తి ఉంటే లాయరును అడిగి చూసుకోవచ్చు. టెక్సాస్ గవర్నర్ క్షమాభిక్ష ఇంకో దారి, ఇరుకైన దారి.

నేను చెప్పేది ఇది. విల్లుతో వేటాడటానికి ఎవరినీ పాత నేరం పేరుతో ఆపకూడదు, ఆ నేరం వేట దొంగతనమే అయితే తప్ప. రైఫిల్ విషయంలో, మనుషుల మీద చెయ్యి చేసుకున్నవాళ్లను, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లను కొట్టినవాళ్లను, నిషేధంలోనే ఉంచాలి. వాళ్ల వేట సరదా కోసం నేను ఒక్క కన్నీటి చుక్క కూడా ఖర్చు పెట్టను. మిగతావాళ్లకు, శిక్ష ముగిశాక పదేళ్లు ఏ గొడవా లేకుండా బతికితే, ఒక జడ్జి ముందు నిలబడి అడిగే అవకాశం ఉండాలి. ఇవ్వాలా వద్దా అన్నది ఆ జడ్జి మనిషిని చూసి తేలుస్తాడు. దుకాణం తాళం పగలగొట్టిన ఇరవై రెండేళ్ల కుర్రాడు వేరు, అరవై ఏళ్ల ఈ మనిషి వేరు. 2010 నాటి ఒక లెక్క ప్రకారం అమెరికాలో ఫెలనీ పడ్డవాళ్లు ఒక కోటీ 90 లక్షల మంది, పెద్దల్లో దాదాపు 8 శాతం. నల్లజాతి మగవాళ్లలో అయితే మూడో వంతు. అందరినీ ఒకే గాటన కట్టి "ఇలాంటివాళ్లు" అని మీ తమ్ముడు అనేస్తే, ఆ గాటన ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలియాలి.

మీ తమ్ముడికి ఇంకొక మాట. మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నాటిది. హింసకు గానీ నైతిక పతనానికి గానీ సంబంధించిన నేరంలో జైలుశిక్ష పడినవాడు, శిక్ష ముగిశాక ఐదేళ్లు ఆయుధం ఉంచుకోకూడదని అది చెబుతుంది. ఐదేళ్లే. ఆ తర్వాత లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది అధికారి చూసుకుంటాడు, ఇవ్వకపోవచ్చు కూడా. కానీ నిషేధానికి ఒక హద్దంటూ ఉంది. తుపాకి అంటే అంత భయపడే మన చట్టమే గడువు పెట్టింది, తుపాకిని ఇంతగా నెత్తిన పెట్టుకునే అమెరికా పెట్టలేదు. సరదా వేట మాత్రం మన దగ్గర 1972 నాటి వన్యప్రాణుల చట్టాన్ని 1991లో సవరించాక ఎవరికీ లేదు, జైలుకు వెళ్లినవాడికీ లేదు, జైలరుకూ లేదు. నాకు అదే ఇష్టం, కానీ అది వేరే ఉత్తరం.

మా చిన్నప్పుడు ఊళ్లో ఒక వడ్రంగి ఉండేవాడు. "రాజమండ్రి వెళ్లొచ్చాడు" అనేవాళ్లు ఆయన గురించి. అంటే ఏమిటో మీకు తెలుసు. జైల్లోనే పని నేర్చుకున్నాడని, చెయ్యి చాలా శుభ్రమని అందరూ ఒప్పుకునేవాళ్లు. తలుపులు ఆయన చేతే చేయించుకునేవాళ్లు, గడియలు మాత్రం వేరే మనిషిని పిలిచి బిగింపించుకునేవాళ్లు. మా ఇంటి వీధి తలుపుకు గడియ కూడా ఆయనే బిగించాడు, మా నాయనమ్మ పట్టుపట్టింది. ఆ తలుపు ఇప్పటికీ ఉంది, కొంచెం కిర్రుమంటుంది.

వేట దొంగతనం మాట అన్నాను కదా. సీజన్ కాని రోజుల్లో, రాత్రిపూట దీపం వేసి జింకల్ని చంపేవాళ్లుంటారు. చాలా సందర్భాల్లో అది చిన్న నేరం కిందే పోతుంది. కొన్నాళ్లు లైసెన్సు రద్దు చేస్తారు. రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి ఒకచోట రద్దయితే దాదాపు అన్నిచోట్లా రద్దయినట్టే. గడువు తీరగానే వాడు మళ్లీ రైఫిల్ పట్టుకుని అడవిలోకి పోవచ్చు. అడవికి నిజంగా ద్రోహం చేసినవాడికి గడువుంది, ఫుడ్ స్టాంపుల కాగితంలో అబద్ధం రాసినవాడికి లేదు. పైగా 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద, ఆ తర్వాత విల్లుల మీద కూడా వేసే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు పోతోంది. కొత్త విల్లు కొన్న ప్రతిసారీ మీ పొరుగాయన వంతు కూడా అందులో పడుతుంది.

ఇక మీ అబ్బాయి. పంపండి. మీ వారిని కూడా తోడు పంపండి. జైలుకు వెళ్లొచ్చిన మనిషి అన్న అనుమానంతో కాదు, పదిహేనేళ్ల పిల్లవాడు వేటకు వెళ్లేటప్పుడు తండ్రి పక్కనుంటే బాగుంటుందని. రెండేళ్లుగా మీ ఇంటి వెనక పెరట్లో వాడికి విల్లు పట్టడం నేర్పుతున్నప్పుడు మీరు వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు కదా, ఆ మనిషి ఎలాంటివాడో మీ కళ్లు మీకు చెప్పలేదా? పిల్లవాడికి లైసెన్సు కావాలి, శిక్షణ కోర్సు కూడా పూర్తి చేయించండి.

విల్లుకు మాత్రమే కేటాయించిన సీజన్ అక్టోబరు అంతా ఉంటుంది, నవంబరు మొదటి శనివారం నుంచి రైఫిళ్లు బయటికొస్తాయి. మీరు అక్టోబరులోనే వెళ్లండి. వేటస్థలంలో ఎవరి దగ్గరా రైఫిల్ లేకపోతే ఎవరికీ చిక్కు లేదు. మీ వారి రైఫిల్ ఆ రోజు ఇంట్లో ఇనుప పెట్టెలోనే ఉండాలి. పక్కింటాయన పికప్‌లో వెనక సీటు మీద "కాసేపే కదా" అని పెట్టడం కూడా కుదరదు. మీ వారికి నవంబరులో రైఫిల్‌తో వెళ్లాలని ఉంటే సొంత కారులో, వేరే వాళ్లతో వెళ్లమనండి. బయల్దేరేముందు కోట్లు, సంచులు దులిపి చూడండి, కిందటేటి తూటా ఒకటి ఎక్కడో దాక్కుని ఉంటుంది.

మీ వాడికి ఆయన గతం చెప్పాలా అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. చెప్పాలి, కానీ మీరు కాదు. అది ఆయన కథ. "మా వాడికి మీరే చెబుతారా" అని ఆయన్నే అడగండి. చెట్టు మీద మచ్చెకు ఎక్కి, రెండు మూడు గంటలు కదలకుండా, దగ్గు కూడా ఆపుకుని, జింక ఇరవై గజాల లోపలికి వచ్చేదాకా కూర్చునే పని అది. చాలాసార్లు అది రాదు. వచ్చినా, పక్కకి తిరిగి నిలబడకపోతే బాణం వదలకూడదు. అలాంటి చోట మాటలు కుదరవు గానీ, తిరుగు ప్రయాణంలో కారులో చెప్పుకోవడానికి బోలెడంత సమయం ఉంటుంది. నాకు ఆ మాంసం వాసనే పడదు, ఎవరైనా తెచ్చిస్తే పక్కింటికి పంపేస్తాను. అయినా ఆ చెట్టు మీద కూర్చునే ఓపిక చూస్తే గౌరవం కలుగుతుంది.

ఆయన భుజం సంగతి ఒక్కటి మిగిలింది. లాగి పట్టుకోనక్కర్లేకుండా, ముందే బిగించి పెట్టుకునే క్రాస్‌బౌ అని ఒకటుంది. టెక్సాస్‌లో దాదాపు అన్ని కౌంటీల్లో విల్లు సీజన్‌లో కూడా అది వాడవచ్చు, మీ కౌంటీ నియమం ఒక్కసారి చూసుకోండి. బిగించడానికి చిన్న చక్రం కూడా అమ్ముతారు, చేతిబలం పెద్దగా అక్కర్లేదు. అది తుపాకి కాదు కాబట్టి మీ వారు నిక్షేపంగా కొని ఇవ్వవచ్చు. ఆయనకు ఎలాగూ ఏదో ఒకటి ఇవ్వాలని చేతులు దురద పెడుతున్నాయి.